చక్రం తిప్పేదెవరు?

దూరదర్శన్ రోజుల్లో ఒక మర్యాద ఉండేదండీ! బొమ్మ ఆగిపోయిందనుకోండి, తెరమీద ఒక అట్టముక్క ప్రత్యక్షమయ్యేది, 'అంతరాయానికి చింతిస్తున్నాము' అంటూ. ఆ చింతించే పెద్దమనిషి ఎవరో, నిజంగానే చింతిస్తున్నాడో, లేక తీరిగ్గా కాఫీ తాగుతున్నాడో మనకు తెలిసేది కాదు. అయినా అడక్కుండానే నొచ్చుకున్న మనిషిని ఏమని తిడతాం? 'పోనీలే పాపం' అనుకుని మా అమ్మ ఆ సందులో వంటింట్లోకి వెళ్ళి పాలు దించి వచ్చేది. మేం పిల్లలం మాత్రం ఆ అట్టముక్కనే రెప్పవెయ్యకుండా చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఇప్పుడా మర్యాదలేం లేవు. సీరియల్లో కథానాయిక కళ్ళనిండా నీళ్ళతో అసలు రహస్యం చెప్పబోతుంది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. సరిగ్గా ఆవిడ ముక్కు మీద ఒక చక్రం పుట్టి గిర్రున తిరగడం మొదలెడుతుంది. మా ఇంట్లో అందరం ఒక్కసారే "బఫరింగ్!" అని నిట్టూరుస్తాం. మా వారు లేచి, గోడనున్న ఇంటర్నెట్ డబ్బాకు స్విచ్చి ఒకసారి తీసి మళ్ళీ వేస్తారు. చక్రం దానిపాటికది ఆగినా సరే, అది ఆయన చలవే అనుకోవాలి మేము.

ఆ మాట ఎంతగా మన నోళ్ళలో పడిందో చూడండి. మా వీధిలో కూరలమ్మే ఆవిడ మొన్న చిల్లర లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పి, "ఉండండమ్మా, బఫరింగ్ అవుతోంది" అంది. నాకు నవ్వాగలేదు. నవ్వు తగ్గాక మాత్రం చిన్న సందేహం పట్టుకుంది. ఇంతకీ ఆ బఫరింగ్ అంటే ఏమిటి? ఆగిపోవడమా? ఎదురుచూడడమా?

నేను బి.ఎ. చదివినదాన్ని. మొగలాయీల పాలన గురించి అడగండి, పేజీలకు పేజీలు చెబుతాను. కంప్యూటరు సంగతులు నాకు రావు. మా అమ్మాయి ఆ ఇంజనీరింగే మూడో ఏడు చదువుతోంది కనుక దాన్ని పట్టుకున్నాను. అది "అడాప్టివ్ బిట్‌రేట్..." అని మొదలెట్టింది. "ఆ భాష నాకొద్దు, మనిషికి చెప్పినట్టు చెప్పు" అన్నాను. దాంతో అది కాసేపు గడ్డం గోక్కుని, "తాతయ్య చెప్పే సినిమా రీళ్ళ కథ గుర్తుందా అమ్మా?" అంది.

ఎందుకు గుర్తులేదు! మా నాన్నగారి చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రెండు సినిమాహాళ్ళకు కలిపి ప్రింటు ఒకటే వచ్చేదట. మొదటి హాల్లో ఆట కాస్త ముందుగా మొదలెట్టి, అక్కడ అయిపోయిన రీలు డబ్బాలో పెట్టి సైకిలు మీద రెండో హాలుకు పంపేవారట. రెండో హాల్లో జనం ఒక రీలు చూస్తుంటే, ఇంకో రీలు ఆపరేటరు గదిలో సిద్ధంగా ఉండేది, మరొకటి సైకిలు మీద దారిలో ఉండేది. సైకిలు కుర్రాడు దారిలో ఎవరితోనైనా కబుర్లలో పడ్డాడా, గదిలో ఉన్న రీలు కాపాడేది. టైరు పంక్చరయిందా, ఆ రీలూ అయిపోయేది. ఇక హాల్లో లైట్లు వెలిగేవి, ఈలలు మొదలయ్యేవి, సోడాలవాడికి పండగ!

"ఆ ఆపరేటరు గదిలో ముందుగా వచ్చి కూర్చున్న రీలే అమ్మా బఫరంటే" అంది మా అమ్మాయి. అంటే ఏమిటన్నమాట? మనం ఇప్పుడు చూస్తున్న బొమ్మ ఇప్పుడు వచ్చింది కాదు. కాసేపటి క్రితమే వచ్చి మన టీవీలోనో ఫోన్లోనో నిలవున్నది. దాన్ని మనం చూస్తుంటే వెనకాల మరికొంత వచ్చి చేరుతుంటుంది. ఆ నిలవ అడుగంటినప్పుడే చక్రం కనిపిస్తుంది. మనం బఫరింగ్ అని తిట్టుకునేది నిజానికి బఫరు ఖాళీ అయిపోవడాన్ని! అది నిండుగా ఉన్నంతసేపూ దాని ఊసే మనకు తెలీదు. ఈ ముక్క వినగానే నాకెందుకో గుండెలో చిన్న కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక రెండో పాఠానికి మా అమ్మాయి నన్ను వంటింట్లోకే లాక్కుపోయింది. ఇది మనకు ఇంకా తేలిక. భోజనాల బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారనుకోండి. మీరు అట్లు పోస్తున్నారు. సినిమా మొత్తం ఒకేసారి రాదు, రెండు సెకన్లో, ఆరు సెకన్లో, పది సెకన్లో ఉండే ముక్కలుగా కోసి ఉంచుతారు. ఒక్కొక్క ముక్కా ఒక అట్టన్నమాట. ఒక్కో ముక్కనూ నాలుగైదు రకాలుగా తయారుచేసి పెట్టుకుంటారు. బొమ్మ అద్దంలా మెరిసేది, ఓ మోస్తరుది, మసకమసగ్గా ఉండేది. మెరిసేది బరువెక్కువ కనుక రావడానికి ఆలస్యం, మసకది తేలిక కనుక చప్పున వస్తుంది. ఉల్లిపాయలు, అల్లం, ఉప్మా పెట్టిన పెసరట్టుకూ, పలచని ఉత్త అట్టుకూ ఉన్న తేడా.

మంట జోరుగా ఉంటే మీరేం చేస్తారు? దర్జాగా ఉప్మా పెసరట్లే పోస్తారు. గ్యాసు అయిపోవచ్చి మంట నీరసించిందా, "ఇవాళ్టికి ఉత్తట్లే" అంటారు. ఎవరి ప్లేటూ ఖాళీగా ఉండకూడదన్నదే కదా మీ తాపత్రయం! ఈ యంత్రమూ అంతే. ముక్క ముక్కకూ, ఎంత తొందరగా వచ్చిందో చూసుకుని తర్వాతి ముక్క ఏ రకందో అడుగుతుంది. అందుకే సినిమా పెట్టగానే మొదటి కొద్ది సెకన్లు ముఖాలు అలికినట్టుంటాయి చాలాసార్లు, గమనించారా? చప్పున మొదలెట్టాలని తేలికపాటి ముక్కతో మొదలెడుతుందది. మొదటి అట్టు ఎవరికి మాత్రం కుదిరిందండీ!

2009లో ఆపిల్ కంపెనీవారు ఈ ముక్కల పద్ధతిని తమ ఫోన్లలో పెట్టారట. 2012లో అందరూ వాడుకునేందుకు డాష్ అనే పేరుతో ఒక అంతర్జాతీయ ప్రమాణమూ వచ్చింది. అంతకుముందు యూట్యూబులో పాట వినాలంటే ఎంత తతంగమో గుర్తుందా? పెట్టడం, వెంటనే ఆపడం, కింద బూడిదరంగు గీత ముందుకు పాకుతుంటే వంటింట్లోకి వెళ్ళి వంకాయలు తరుక్కుని రావడం! ఇప్పుడు ఆ చిట్కా అంతగా పనిచెయ్యదు. కొంత మేరకు నిలవ చేసి యంత్రం ఆగిపోతుంది. ఎందుకూ అంటే, మనం మధ్యలో లేచిపోతే తెచ్చిందంతా దండగ. పదిమంది వస్తారని పాతిక అట్లు పోసి పెట్టుకుంటే ఆ చల్లారినవి ఎవరు తింటారు? మనమే!

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతొకటుంది. తర్వాతి ముక్క ఏ రకంది అడగాలో ఎలా తేల్చుకోవాలి? దారి ఎంత ఖాళీగా ఉందో అంచనా వేసుకుని అడగడం ఒక పద్ధతి. అంచనా అంచనాయే కదా, తప్పితే చక్రం. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారూ నెట్‌ఫ్లిక్స్‌వారూ కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. దారి సంగతి ఊహించడం తగ్గించి, మన దగ్గర నిలవ ఎంతుందో అది చూసుకుని అడగండి అని దాని సారాంశం. నిలవ తక్కువుంటే తేలికది, ఎక్కువుంటే మంచిది. అలా చేస్తే బొమ్మ ఆగిపోవడం నూటికి 10 నుంచి 20 వంతులు తగ్గిందట! వచ్చే నెల జీతం పెరుగుతుందని మా వారు వేసే లెక్కలు నమ్మి చీటీ కట్టకుండా, బియ్యం డబ్బా మూత తీసి చూసుకుని నెల గడిపే ఆడదానికి ఈ సిద్ధాంతం చెప్పడానికి విశ్వవిద్యాలయం కావాలంటారా?

ఇంకో విశేషం వినండి. మనం అర్ధరాత్రి నిద్రపోతున్నప్పుడు వీళ్ళు పప్పు నానబోస్తారు! నవ్వకండి, నిజమే. నెట్‌ఫ్లిక్స్‌వారు సినిమాలు నింపిన పెట్టెలను ఊరూరా ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల దగ్గరే పెట్టించారు. రేపు జనం ఏం చూస్తారో ముందే ఊహించి, రద్దీ లేని వేళల్లో వాటిని నింపి ఉంచుతారు. సాయంత్రం మనం మీట నొక్కగానే సినిమా అమెరికా నుంచి సముద్రాలు దాటి రానక్కర్లేదు, వీధి చివరి కొట్లోంచి వచ్చినట్టు వస్తుంది. రాత్రి నానబోస్తేనే పొద్దున్న అట్టు. ఎక్కడైనా ఇదే సూత్రం.

మరి ఇంత ముందుచూపుంటే చక్రం ఎందుకు తిరగాలి? ముందుచూపుకు లొంగనివి కొన్నున్నాయి కనుక. ప్రత్యక్ష ప్రసారాన్నే తీసుకోండి. ఇంకా జరగనిదాన్ని ఎలా నిలవ చేస్తారు? మహా అయితే కొన్ని సెకన్లు వెనకబడి, ఆ కొన్ని సెకన్లనే బఫరుగా పెట్టుకుని నెట్టుకొస్తారు. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్లో ఇండియా, ఆస్ట్రేలియా ఆడుతుంటే ఒకానొక క్షణాన 5.9 కోట్లమంది ఒకేసారి హాట్‌స్టార్‌లో చూశారట. ఆ రోజు మా ఇంట్లో బ్యాట్స్‌మన్ ఇంకా బ్యాటు ఎత్తకముందే కింది వాటాలోంచి "అయ్యో!" అని వినిపించింది. వాళ్ళది డిష్షు టీవీ, మాది ఇంటర్నెట్టు. ఆ అరనిమిషం పాటు మా వారు దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉన్నారు. అప్పటికే అవుటయిపోయిన మనిషి కోసం!

ఆట సంగతి సరే, పోతే పోయింది. కాని ఆ కొద్ది సెకన్ల నిలవ మీద మనసంతా వేలాడే సందర్భాలూ ఉంటాయి. 2021 జూన్‌లో డల్లాస్‌లో మా అన్నయ్య కూతురి పెళ్ళి జరిగింది. కరోనా రోజులు. మే నెలలోనే అమెరికావాళ్ళు మన దేశం నుంచి వచ్చేవాళ్ళకు తలుపులు దాదాపుగా మూసేశారు. మా అమ్మకప్పుడు 77 ఏళ్ళు. ఐదేళ్ళు వచ్చేదాకా ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని పెంచింది అమ్మే. "నువ్వు టీవీలో చూద్దువుగాని అమ్మా, అన్నీ కనిపిస్తాయి" అన్నాడు అన్నయ్య ఫోన్లో. అమ్మ 'ఊఁ' అంది, అంతే.

అక్కడ పొద్దున్న పదీ ముప్పావు ముహూర్తం, ఇక్కడ రాత్రి తొమ్మిదింబావు. అమ్మ తలారా స్నానం చేసి, బీరువాలోంచి పట్టుచీర తీయించి కట్టుకుని, టీవీ ముందు కుర్చీ వేయించుకుంది. అక్షింతలు స్వయంగా కలుపుకుని గుప్పిట్లో పట్టుకుంది. జీలకర్రా బెల్లం నిక్షేపంలా జరిగింది. మంగళసూత్రధారణ వేళయింది. పెళ్ళికొడుకు సూత్రాలు రెండు చేతులతో పట్టుకుని లేచాడు, గట్టిమేళం అందుకుంది... అంతే! ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. చక్రం మొదలైంది.

"ఏమైందే? ఎందుకు కట్టడం లేదే అబ్బాయి?" అంది అమ్మ. ఆ గొంతులో వణుకు నేనింతవరకు వినలేదు. ఆవిడకు అది చక్రంలా కాదు, అపశకునంలా కనిపించింది. ఎన్నిసార్లు తిరిగిందో నేను చూడలేదు, అమ్మ గుప్పిటి వంకే చూస్తున్నాను. మా అమ్మాయి చప్పున ఏవో మీటలు నొక్కి, 'స్పష్టంగా అక్కర్లేదు, మసగ్గా ఉన్నా సరే పంపు' అని అడిగింది. బొమ్మ వచ్చేసరికి సూత్రాలు కట్టడం అయిపోయింది, పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంటోంది. మా అమ్మాయి గీతను వెనక్కి జరిపింది. పొయ్యిమీది ఆవిరిలోంచి చూసినట్టు మూడు ముళ్ళూ కనిపించాయి. ముఖాలు పోల్చుకోలేకపోయాం, కాని ఒక్క ముడి దగ్గరా ఆగలేదు.

అమ్మ గుప్పిట ఇంకా విప్పలేదు. "వెనక్కి తిప్పి చూసినదానికి అక్షింతలు వేస్తే చెల్లుతాయా?" అంది. "అమ్మమ్మా, ఇది మొదట్నుంచీ అరనిమిషం ఆలస్యంగానే వస్తోంది. నువ్వు చూసిందంతా అక్కడ అప్పటికే జరిగిపోయింది" అంది మా అమ్మాయి, చదువుకున్నదాని నిజాయితీతో. నాకు దాని నెత్తిమీద మొట్టాలనిపించింది. అమ్మ మాత్రం కాస్త ఆలోచించి, "అయితే సరే. ఇంత దూరం నుంచి వేసే అక్షింతలు, అవీ ఆలస్యంగానే చేరతాయిలే" అని గుప్పిట విప్పి టీవీ మీద చల్లింది. వారం రోజులపాటు ఆ టీవీ వెనక నుంచి పసుపు బియ్యపు గింజలు ఏరుతూనే ఉన్నాను.

ఆ రాత్రి పడుకోబోతూ అమ్మ ఒక మాటంది. "మసగ్గా ఉంటేనేం, ఆగకుండా సాగింది, అదే చాలు." ఈ ప్రసారాల మీద పరిశోధనలు చేసినవాళ్ళు తేల్చిందీ అదే. బొమ్మ కాస్త మసకబారితే జనం సర్దుకుపోతారు, ఆగిపోతే ఓర్చుకోరు. 2012లో కృష్ణన్, సీతారామన్ అనే ఇద్దరు పరిశోధకులు 67 లక్షలమంది చూసిన 2.3 కోట్ల ప్రదర్శనలను లెక్కగట్టారు. మీట నొక్కాక బొమ్మ రావడానికి రెండు సెకన్లు దాటితే చాలు, జనం వదిలేసి పోవడం మొదలెడతారట! మన ఓర్పు రెండు సెకన్లండీ! తొమ్మిది నెలలు మోసిన జాతికి అది అవమానం కాదూ?

అమ్మ ఆ మాట టీవీ గురించే అందో, తన కాపురం గురించి అందో నాకు ఇప్పటికీ తేలలేదు. నాన్నగారి ఒక్క జీతం మీద ఏడుగురం బతికిన ఇల్లు మాది. నెల మొదట్లో ముద్దపప్పు, నెల మధ్యకు వచ్చేసరికి అది పప్పుచారు, నెలాఖరుకు ఆ పప్పుచారు ఉత్త చారు అయ్యేది. పెరుగు మజ్జిగయ్యేది. కాని కంచం ముందు కూర్చున్నాక చక్రం తిరగడం మేమెన్నడూ ఎరగం. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. అడ్డగోలు వేళప్పుడు చుట్టాలు దిగినా ఆ డబ్బా ఆదుకునేది. ఆ డబ్బా సంగతి మాలో ఎవరికీ తెలీదు. తెలియాల్సిన అవసరమే రాలేదు.

ఒకసారి అమ్మ ఆపరేషనని పదిరోజులు ఆస్పత్రిలో ఉంది. మూడోనాడు పొద్దున్న నాన్నగారు కాఫీ కలుపుకోబోయి పంచదార డబ్బా మూత తీసి, అలాగే నిలబడిపోయారు. "ఇది ఖాళీ కూడా అవుతుందా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ డబ్బా అడుగు చూడడం అదే మొదలు! ఇందాక నా గుండె కలుక్కుమన్నది ఇందుకే. నిండుగా ఉన్నంతకాలం ఎవరికీ కనబడనిది, ఖాళీ అయినరోజున అందరూ తిట్టుకునేది, ఒక్క బఫరేనంటారా?

మన భాషలో 'చక్రం తిప్పేవాడు' అంటే గొప్పవాడని అర్థం. చక్రం కనబడకుండా చూసేవాళ్ళ గొప్పతనానికి మాటే పుట్టలేదు. పిల్లాడి ఫీజుకు గడువెప్పుడో, మామగారి మాత్రలు ఎన్ని మిగిలాయో, రేపటికి పాలు చాలతాయో లేదో, ఇవన్నీ రేపు రాకముందే ఎవరి బుర్రలోనో నిలవ ఉంటున్నాయి. ఆ నిలవ ఒక్కరే నింపుతూ పోతే ఏదో ఒకరోజు అడుగంటక తప్పదు. ఇంట్లో తలా ఒక పిడికెడు వెయ్యాలి.

ఈ ఉపన్యాసమంతా మా ఇంట్లో ఇచ్చాను. ఫలితం లేకపోలేదు. రాత్రిపూట పెసలు నానబోసే పని ఇకనుంచి తనదని మా వారు అందరి ఎదుటా ప్రకటించారు. నిన్న రాత్రి మరిచిపోయారు. ఇవాళ పొద్దున్న స్నానం చేసి వచ్చి, ఖాళీ ప్లేటు ముందు కూర్చుని, "ఏమిటివాళ ఇంత ఆలస్యం?" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. చూపుడువేలు ఆయన ముక్కు ముందు పెట్టి, గాల్లో గుండ్రంగా తిప్పి చూపించాను.